ఆటో ఠాణాకు పోయింది

మాఘమాసం. మిరప ఏరే కాలం. బయ్యారం చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లవారకముందే ఆటోలు కదులుతాయి. ఒక్కో ఆటోలో పది మంది, పన్నెండు మంది ఆడకూలీలు. ఒళ్ళో సద్దిగిన్నె, తలకు గుడ్డ. పొద్దుగూకే వేళకు మండే చేతులతో మళ్ళీ అదే ఆటోలో ఇల్లు చేరతారు.

అలా ఆటో తోలి బతికే ఇల్లు ఒకటి. ఆటో అప్పు మీద కొన్నది. నెలనెలా కిస్తీ కట్టాలి. ఆ ఇంటి కోడలు మిరప ఏరడానికి పోతుంది. పొదుపు సంఘంలో సభ్యురాలు. రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. సంతకం ఒక్కటే కాదు, బస్సు బోర్డు చదువుతుంది, రేషన్ రసీదు చదువుతుంది, సంఘం పుస్తకంలో లెక్క సరిచూస్తుంది. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. మానుకోట దారిలో ఏ ఊళ్ళోనైనా జరిగేదే.

రాత్రి తొమ్మిది దాటింది. ఫోను మోగింది. చేసింది పెనిమిటే.

"ఏమే, మానుకోట దాటంగనే పోలీసులు ఆటో ఆపిన్రు. పైపు ఊదమన్నరు. ఆటో ఠాణాలో పెడతరట."

"తాగినవా?"

"జరంతనే. దోస్తుకు కొడుకు పుట్టిండని బలవంతం చేసిన్రు."

అత్త పక్కనే ఉంది. మాట విని గుండెలు బాదుకుంది. "నా కొడుకును జైల్ల ఏస్తరా బిడ్డా?"

పక్కింటి మామ అరుగు మీదికి వచ్చాడు. "ఏం గాదు. మొదటిసారే గద. అక్కడే రెండు వేలు కడితే ఇడిచిపెడతరు. లేకుంటే ఐదు వందలు చేతిల పెట్టాలె" అన్నాడు.

కోడలు ఆ మాట నమ్మలేదు, కాదనలేదు. తలుపు దగ్గరకు వేసి సంఘం అక్క ఇంటికి నడిచింది.

సంఘం అక్క మండల సమాఖ్యలో చాలా ఏళ్ళు పనిచేసింది. చట్టాల గురించి చెప్పే సదస్సులకు పోయి వచ్చిన మనిషి. అంతా విని, ముందు ఫోను తీసుకుంది.

"తమ్మీ, పోలీసులతోని లొల్లి పెట్టుకోకు. ఊదమంటే ఊదినవు గద, మంచిది. చీటీ ఇస్తే పారేయకు, జేబుల పెట్టుకో. నీ అంతట నువ్వు బండి తోలకుండ ఎవరితోనన్న ఇంటికి రా. తెల్లారి చూద్దాం."

తరువాత కోడలి వైపు తిరిగింది. "మీ మామ చెప్పిన రెండూ తప్పే చెల్లే. రెండు వేలు పాత లెక్క. అదీ రోడ్డు మీద కట్టేది కాదు. ఇది కోర్టు కేసు. ఇంక లంచం అంటవా, ఇచ్చినోళ్ళ మీద కూడా కేసు అయితది."

ఊళ్ళో చాలామందికి ఈ తేడా తెలియదు. హెల్మెట్ పెట్టుకోకపోతే జరిమానా కట్టి బయటపడవచ్చు. తాగి నడిపితే అలా కుదరదు. పోలీసులు పట్టుకుంటారు, పరీక్ష చేస్తారు, కేసు రాస్తారు. శిక్ష వేసేది మాత్రం కోర్టులో మేజిస్ట్రేటు. మొదటిసారి పట్టుబడినా దారి ఇదే.

పైపులో ఏం తెలుస్తుంది?

మనిషి తాగిన మందు కడుపులోంచి రక్తంలో కలుస్తుంది. రక్తం ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడి నుంచి మందు ఊపిరితో బయటికి వస్తుంది. పైపులో ఊదితే యంత్రం ఆ ఊపిరిని కొలిచి, రక్తంలో మందు ఎంత ఉందో అంకె చూపిస్తుంది.

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. తాగి నడిపే నేరం గురించి అందులో 185వ సెక్షన్ చెబుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ఆల్కహాలు ఉంటే నేరం. ఆల్కహాలు అంటే మందులో మత్తు ఎక్కించే సరుకు. వంద మిల్లీలీటర్లు అంటే ఒక చిన్న టీ గ్లాసెడు. 30 మిల్లీగ్రాములు అంటే రెండు మూడు బియ్యపు గింజల ఎత్తు. అంతే. అది దాటితే చాలు.

తాగింది ఏమిటని చట్టం అడగదు. వైన్ షాపు సీసా అయినా, తాటికల్లు అయినా, ఇప్పసారా అయినా లెక్క ఒక్కటే. కల్లు చెట్టు నుంచి దిగింది కదా, అది మందెట్లా అవుతుందని పక్కింటి మామ వాదిస్తాడు. యంత్రానికి ఆ సంగతి తెలియదు. ఉల్లిగడ్డ నమిలితే, నిమ్మకాయ నాకితే, ఇలాచీ వేసుకుంటే అంకె తగ్గుతుందనే మాట కూడా వట్టిదే. వాసన మారుతుందేమో కానీ, రక్తంలో ఉన్నది పోదు. అది తగ్గడానికి గంటల కాలం పడుతుంది. రాత్రి బాగా తాగి పడుకున్నవాడికి తెల్లవారుజామున కూడా మిగిలి ఉండవచ్చు. కూలీలను ఎక్కించుకునేది ఆ వేళకే.

కొందరు ఊదమంటే ఊదరు. ఊదకపోతే రుజువు ఉండదని వాళ్ళ తెలివి. తాగాడని అనుమానం ఉండి, ఊదనని మొండికేస్తే, వారంటు లేకుండానే అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉంది. ఆసుపత్రికి తీసుకుపోయి రక్తం తీయించవచ్చు. ఊదడానికి ఒప్పుకోలేదన్న సంగతే కోర్టులో అతనికి ఎదురు తిరుగుతుంది.

కాగితం మీద అంకె

రాత్రి పదకొండుకు అతను వేరే ఆటోలో ఇల్లు చేరాడు. ఎవరి మొహం చూడలేదు. పడుకున్నాడు. కోడలు అంగీ జేబులోంచి కాగితాలు తీసింది. దీపం కింద పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

పెనిమిటి పేరు ఉంది. ఆటో నంబరు ఉంది. సెక్షన్ 185 అని ఉంది. రావలసిన కోర్టు మహబూబాబాద్ అని ఉంది. తేదీ ఉంది. యంత్రం ఇచ్చిన చిన్న చీటీ మీద ఒక అంకె ఉంది. 92.

పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ అన్నది. "జరంతనే అన్నవు. ముప్ఫై దాటొద్దన్న కాడ తొంబై రెండున్నది."

అతను మాట్లాడలేదు. ఆ కాగితం ఆమె చదువుతుందని అనుకోలేదు.

ఆటో తేవాలి. ఆటో ఠాణాలో పెట్టారంటే పోయినట్టేనని అత్త భయం. తాగి నడిపాడని పోలీసులు బండిని ఎన్నాళ్ళైనా ఉంచుకోవచ్చా? దీని మీద తెలంగాణ హైకోర్టుకు చాలామంది పోయారు. 2021లో హైకోర్టు తీర్పు చెప్పింది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదు. తాగినవాడిని మాత్రం నడపనివ్వకూడదు. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి ఇవ్వాలి. ఎవరూ లేకపోతే దగ్గరి చుట్టాన్నో స్నేహితుణ్ణో పిలిపించాలి. ఎవరూ రాకపోతే బండిని ఠాణాలో భద్రంగా ఉంచవచ్చు. తరువాత ఆర్‌సీ కాగితం, లైసెన్సు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చేయాలి.

సంఘం అక్క ఈ ముక్కే చెప్పింది. కోడలు ఇనుప పెట్టెలోంచి ఆర్‌సీ తీసింది. మరిదికి ఆటో నడిపే లైసెన్సు ఉంది. ముగ్గురూ బస్సెక్కి పోయారు. ఠాణాలో కాగితాలు చూశారు. మరిది చేత కూడా పైపు ఊదించారు. సున్నా వచ్చింది. మధ్యాహ్నానికి ఆటో బయటికి వచ్చింది.

లైసెన్సు మాత్రం రాలేదు. 2019లో చట్టం మారింది. అప్పటి నుంచి ఈ నేరంలో పోలీసులు లైసెన్సు తీసుకుని ఆర్టీవో ఆఫీసుకు పంపాలి. లైసెన్సును కొంతకాలం ఆపడమా, రద్దు చేయడమా అన్నది ఆ ఆఫీసు నిర్ణయిస్తుంది. తాగి నడిపినవాళ్ళ లైసెన్సును కనీసం 3 నెలలు ఆపాలని సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. మేజిస్ట్రేటు కూడా లైసెన్సు ఆపమని ఉత్తర్వు వేయవచ్చు.

మొదటిసారికి శిక్ష ఎంత?

2019 సెప్టెంబర్ 1కి ముందు మొదటిసారి జరిమానా 2,000 రూపాయల దాకా ఉండేది. మామ నోట్లో ఉన్నది ఆ లెక్కే. ఆ రోజు నుంచి అది 10,000 రూపాయలు అయింది. జరిమానా ఒక్కటే కాదు. 6 నెలల దాకా జైలు వేయవచ్చు. లేదా రెండూ వేయవచ్చు. ఏది వేయాలన్నది మేజిస్ట్రేటు చూస్తారు. అంకె ఎంత వచ్చింది, బండిలో ఎవరున్నారు, ఎవరికైనా దెబ్బ తగిలిందా, అంతకు ముందు కేసులున్నాయా అన్నవి లెక్కలోకి వస్తాయి. మొదటిసారి పట్టుబడినవారిలో చాలామంది జరిమానాతో బయటపడతారు. కొందరికి కొద్ది రోజుల జైలు కూడా పడుతుంది. జరిమానా కట్టకపోతే దానికి బదులు జైలుకు పోవాలి. ఆసుపత్రి శుభ్రం చేయమని శిక్ష వేసిన కోర్టులు కూడా తెలంగాణలో ఉన్నాయి. పదిమంది చూస్తుండగా చీపురు పట్టుకోవడం కొందరికి జైలు కన్నా కష్టమనిపిస్తుంది.

రెండోసారి పట్టుబడితే 2 ఏళ్ళ దాకా జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కాబట్టి మొదటి కేసు కోర్టు పుస్తకంలో ఉండిపోతుందని గుర్తుంచుకోవాలి. కానిస్టేబుల్ ఉద్యోగానికో, మరో సర్కారు ఉద్యోగానికో పోయేవాడైతే, కేసులున్నాయా అని అడిగే కాగితంలో ఈ సంగతి దాచకుండా రాయాలి.

కోడలు లెక్క వేసింది. మిరప ఏరితే రోజుకు 400 అనుకుందాం. 10,000 కావాలంటే 25 రోజులు వంగి ఏరాలి. ఒక్క పూట దావతుకు 25 రోజులు. ఆటో కిస్తీ వేరే ఉంది. మూడు నెలలు లైసెన్సు లేకపోతే ఆటో ఎవరు తోలాలి?

"నేనే తోలుత. పొద్దుగాల చీకట్ల పోతే ఎవరు చూస్తరు?" అన్నాడు అతను.

సంఘం అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "లైసెన్సు ఆపినంక తోలితే అది ఇంకో కేసు తమ్మీ. దానికి మళ్ళ 3 నెలల దాకా జైలు, లేకుంటే 10,000 జుర్మానా. ఉన్న గుంట చాలదా? మీ తమ్ముడు తోలుతడు. నువ్వు కూలికి పో."

కోర్టుకు పోయే రోజు

తేదీని కోడలు గోడ మీది క్యాలెండరులో గుండ్రంగా చుట్టింది. కోర్టు తేదీ తప్పితే వారంటు రావచ్చు. అప్పుడు పోలీసులు ఇంటికి వచ్చి తీసుకుపోతారు. చిన్నగా ఉన్న కేసు అలా పెద్దదవుతుంది. పనిరోజు పోతుందని తేదీ ఎగ్గొట్టేవాళ్ళు ఈ సంగతి చూసుకోవాలి.

కోర్టు గేటు దగ్గర "నేను చూసుకుంట, ఐదు వేలు ఇయ్యి" అనే మనుషులు కనబడతారు. వాళ్ళకు డబ్బు ఇస్తే అది జరిమానాలో పడదు. జరిమానా కోర్టులో కట్టాలి, రసీదు తీసుకోవాలి. రసీదు మీద అంకె చదివి చూసుకోవాలి.

వకీలు కావాలంటే డబ్బు లేదని వెనక్కి తగ్గనక్కర లేదు. న్యాయసేవల చట్టం 1987లో వచ్చింది. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్ళకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఆ చట్టం ప్రకారం వకీలును ఉచితంగా ఇస్తారు. ఇక్కడ కేసు పెనిమిటిది. కాబట్టి భార్య ఆడమనిషి అయినందుకు అతనికి రాదు. అతను ఎస్టీ, ఎస్సీ అయితేనో, ఆదాయం తక్కువైతేనో వస్తుంది. మహబూబాబాద్ కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు. తాగలేదని, యంత్రం తప్పు చూపిందని వాదించేవాళ్ళకు వకీలు అవసరం. తాగింది నిజమైతే ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ.

అతను ఒప్పుకున్నాడు. మొదటి కేసు. ఆటోలో అప్పుడు ఎవరూ లేరు. ఎవరికీ దెబ్బ తగలలేదు. 10,000 జరిమానా పడింది. జైలు పడలేదు. సంఘం నుంచి అప్పు తీసి కట్టారు. అప్పు కోడలి పేరు మీద ఉంది.

ఆటోలో ఎక్కేవాళ్ళు

మరునాడు పొలం గట్టు మీద సద్ది తినేటప్పుడు ఇదే ముచ్చట. ఒక పెద్దమ్మ అడిగింది. "తెల్లారి మేము కూడా గదే ఆటోల ఎక్కుతం గద బిడ్డా. రాత్రి మేముంటే?"

కోడలికి ఏం చెప్పాలో తోచలేదు.

ఈ ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది, కానీ అది దుఃఖం జరిగాక వచ్చే జవాబు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే 5 ఏళ్ళ దాకా జైలు. తాగి నడిపితే మనుషులు చచ్చిపోవచ్చని తెలిసీ నడిపాడని కోర్టు నమ్మితే 10 ఏళ్ళ దాకా పడవచ్చు. అప్పుడు అది మొదటిసారా, రెండోసారా అన్న మాట పెద్దగా అక్కరకు రాదు. బండికి బీమా ఉంది కదా అనుకుంటారు. తాగి నడిపి పాడుచేసుకున్న బండికి బీమా కంపెనీ డబ్బు ఇవ్వనక్కర లేదని 2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. కిస్తీ మాత్రం ఆగదు.

ఒక్క మనిషి, ఒక్క మోటారు సైకిలు. దానితో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు కర్నూలు సంగతి వినాలి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర ఒక యువకుడు మోటారు సైకిలు మీద పోతూ డివైడరుకు గుద్దుకుని చనిపోయాడు. బండి రోడ్డు మీద పడి ఉంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు దాని మీదుగా పోయింది. మంటలు లేచాయి. నిద్రలో ఉన్న ప్రయాణికులు 19 మంది కాలిపోయారు. ఆ యువకుడు మద్యం తాగి ఉన్నాడని తరువాత పరీక్షలో తేలింది. అతని మీద కేసు నడపడానికి అతనే లేడు.

"తాగుడే బంద్ చేయిస్తే పాయె" అన్నది గట్టు మీద ఇంకో ఆమె.

ఆ పని కూడా ఒకసారి జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యానికే నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఇవాళ వైన్ షాపు చట్టప్రకారమే నడుస్తుంది. పెద్దవాడు అక్కడ కొని తాగితే నేరం కాదు. తాగి తాళం చెవి తిప్పితేనే నేరం. తాగాడని తెలిసీ "నువ్వే తోలు" అని ఉసిగొల్పిన దోస్తుకు కూడా అదే శిక్ష పడవచ్చని 188వ సెక్షన్ చెబుతుంది. దావతు ఇచ్చినవాళ్ళకు ఈ ముక్క తెలిస్తే బాగుండును.

ఆ రోజు గట్టు మీద కూలీలు ఒక మాట అనుకున్నారు. పొద్దున ఎక్కే ముందు ఆటో తోలే మనిషితో నాలుగు ముక్కలు మాట్లాడాలి. మాట తడబడినా, వాసన వచ్చినా ఎక్కొద్దు. ఒక్కరు ఎక్కకపోతే వదిలేసి పోతాడు. పన్నెండు మందీ ఎక్కకపోతే పోలేడు. దారిలో తేడా కనిపిస్తే ఆపించి దిగాలి, 112కు ఫోను చేయాలి. కూలి పూట పోతుందన్న బాధ ఉంది. దాన్ని రైతుతో మాట్లాడే పని పెద్దమ్మ తీసుకుంది.

"మా ఆయన తోలినా ఎక్కకున్రి" అన్నది కోడలు.

మర్నాడు ఇంకా చీకటిగానే ఉంది. చెరువు వైపు నుంచి చలిగాలి వస్తోంది. మరిది ఆటో బయటికి తీశాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అతన్ని పలకరించి, ఎక్కి కూర్చున్నారు. ఆఖరున అతను వచ్చాడు. చేతిలో సద్దిగిన్నె. డ్రైవరు సీటు వైపు ఒకసారి చూశాడు. వెనక్కి వచ్చి, ఆడవాళ్ళు జరిగి ఇచ్చిన చోట ఒదిగి కూర్చున్నాడు.

ఇంట్లో గోడ మీది క్యాలెండరులో కోడలు ఇంకో తేదీ చుట్టింది. పక్కన తన చేత్తోనే రాసింది: లైసెన్సు వచ్చే రోజు. 'లై' దగ్గర ఒక కొట్టివేత ఉంది. దాని కింద చిన్న అక్షరాలలో సంఘం అప్పు వాయిదాలు, ఒకటి నుంచి పది దాకా.